పసుపు కుర్చీ మీద తడి

మధ్యాహ్నం పిల్లలు నిద్ర లేచే వేళకి ఆ బడిలో ఎవరికీ ఊపిరి సలపదు. చిన్న చిన్న పరుపులు చుట్టి మూలకి చేర్చాలి. దుప్పట్లు దులిపి మడవాలి. ఎడమ బూటు కుడికాలికి తొడుక్కుని కూర్చున్నవాళ్ళని సరిచేయాలి. కల చెదిరి ఏడ్చేవాళ్ళని ఎత్తుకోవాలి. ఆ గదిలో ఇన్ని పనులూ చూసుకునే ఆయాని పిల్లలు పెద్దమ్మ అంటారు. పిల్లల నోట విని టీచర్లూ, టీచర్ల నోట విని పిల్లల అమ్మానాన్నలూ అలాగే పిలుస్తారు. ఏభైకి అటూ ఇటూగా ఉంటుంది. మనిషి గట్టిది, చెయ్యి చురుకైనది. కాకపోతే నవ్వదు. పిల్లలు ఎంత చిలిపి మాట అన్నా పెదవులు బిగించి అటు తిరుగుతుంది. "పెద్దమ్మకి నవ్వడం రాదు" అని పిల్లలు కొత్తగా చేరినవాళ్ళకి నమ్మకంగా చెబుతుంటారు.

నవ్వితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తుమ్మినా, దగ్గినా, బరువెత్తినా అంతే. తను ఆపుకునేలోపే మూత్రం జారిపోతుంది. ఒకసారి చుక్కలు, ఒకసారి చుక్కలతో ఆగదు. అందుకే ఎప్పుడూ ముదురు రంగు బట్టలే కడుతుంది, సంచిలో ప్యాడ్లు పెట్టుకుంటుంది, పగలు నీళ్ళ జోలికి పోదు.

ఆ రోజు పక్క గది ఆయా రాలేదు. రెండు గదులూ ఆమె నెత్తిన పడ్డాయి. పొద్దుటినుంచి ప్యాడ్ మార్చుకోవడానికి కూడా తీరిక దొరకలేదు. నిద్ర లేవనని మొరాయిస్తున్న బొద్దు పిల్లవాణ్ణి చంకనెత్తుకుని పైకి లేచేసరికి వెచ్చగా జారింది. వాణ్ణి దింపేలోపు దుప్పటి దుమ్ముకి రెండు తుమ్ములు. ఇంక చేయగలిగిందేమీ లేక దగ్గరున్న పసుపు కుర్చీ మీద కూలబడింది. పిల్లల కుర్చీ అది, మధ్యలో గుంటగా ఉంటుంది. కూర్చున్నచోటినుంచే వాడి బూట్ల తాళ్ళు ముడివేసింది. అంతలో పక్క గదిలోంచి ఎవరో పిల్ల వాంతి చేసుకుందని కేక వినిపించింది. వెనక్కి చూసుకోకుండా అటు పరుగెత్తింది.

గుడ్డా బకెట్టూ పట్టుకుని తిరిగొచ్చేసరికి పసుపు కుర్చీ ముందు చిన్న టీచరు నిలబడి ఉంది. ఎదురుగా పిచ్చుక. ఆ పిల్ల నోరు ఒక్క నిమిషం ఊరుకోదు గనక అందరూ పిచ్చుక అంటారు. గౌను వెనకభాగం తడిసి కాళ్ళకి అంటుకుపోయి ఉంది.

"తడిపినందుకు నేనేమీ అనలేదమ్మా," అంటోంది టీచరు. కొత్తగా వచ్చిన అమ్మాయి, మంచిదే. పొద్దుటినుంచి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. "అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అవుతుంది. కానీ చేసి చేయలేదనడం తప్పు కదా?"

"నేను చేయలేదు టీచర్. కుర్చీయే తడిగా ఉంది."

"కుర్చీ తనంతట తాను తడుస్తుందా?"

పిల్లలు గొల్లుమన్నారు. పిచ్చుక ముఖం కందిపోయింది.

"నిజం చెప్పేదాకా నిన్ను ఇంజన్‌గా ఉండనివ్వను. ఇవాళ ఆఖరి పెట్టెవి నువ్వు."

ఆటస్థలానికి వెళ్ళేటప్పుడు పిల్లలంతా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలులా నడుస్తారు. ముందుండేది ఇంజన్. ఆ వంతు కోసం ఆ పిల్ల ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తోంది. ఆ రోజే వచ్చింది.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. చెప్పాలనే అనుకుంది. కానీ కుర్చీ దగ్గరికి వెళ్ళి వంగి తుడిచింది. పిచ్చుకని చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి ఒళ్ళు కడిగి పొడి గౌను తొడిగింది. బొత్తాలు పెడుతుంటే ఆ పిల్ల ఆమె గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది.

"నేను కాదు పెద్దమ్మా. నిజంగా కాదు."

"సరేలే," అంది పెద్దమ్మ. "చెయ్యెత్తు, ఇంకో బొత్తాం ఉంది."

కాసేపటికి రైలు బయల్దేరింది. చివర పిచ్చుక, ఒక చేత్తో ముందువాడి చొక్కా పట్టుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ నడిచింది.

ఇంటికొచ్చి పెద్దమ్మ మొదట చేసిన పని తన బట్టలు ఉతుక్కోవడం. నీళ్ళ చప్పుడులో మనసు కాస్త కుదుటపడుతుందనుకుంది. పడలేదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ముందుగదిలో ఏదో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. మందుల షాపులో పనిచేసే కూతురు వచ్చి బాత్రూము గుమ్మానికి చేరబడింది.

"అమ్మా, గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, గుర్తుందా? రెండుసార్లు ఎగ్గొట్టావు. ఈసారి కూడా ఏదో ఒక వంక చెప్పావంటే ఊరుకోను."

"వ్యాయామాలు చేస్తున్నాను కదే."

"ఎన్నాళ్ళనుంచి? వాటితో తగ్గాల్సినంత తగ్గింది, ఇంక తగ్గట్లేదని నేర్పినావిడే కదా పై డాక్టరు దగ్గరికి పంపింది?"

ఆ వ్యాయామాలు నేర్పిన ఫిజియోథెరపిస్టు ఓపికైన మనిషి. కింది కండరాలని బిగించడం, కాసేపు పట్టి ఉంచడం, వదలడం. పెద్దమ్మ బస్సులో చేసింది, పొయ్యి దగ్గర చేసింది, పిల్లలకి పాటలు పాడుతూ చేసింది. మొదట్లో గుణం కనిపించింది కూడా. తర్వాత అక్కడే ఆగిపోయింది.

ఆమె తల వంచుకుని బట్టలు పిండుతూ పోయింది. కూతురు దాన్ని ఎగ్గొట్టడానికి సన్నాహం అనుకుని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పిచ్చుక నీళ్ళు తాగలేదు.

ముందు పెద్దమ్మ గమనించలేదు. ఆటలయ్యాక అందరూ సీసాలమీద ఎగబడితే ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చుని ముద్దలు మింగలేక గుటకలు వేస్తోంది. పెదవులు పొట్టు లేచాయి. పెద్దమ్మ సీసా మూత తీసి నోటి దగ్గర పెట్టింది.

"వద్దు. నాకు దాహం లేదు."

"పొద్దుటినుంచి గెంతుతున్నావు, దాహం లేకుండా ఎలా ఉంటుంది? ఒక్క గుటక."

పిచ్చుక నోరు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపింది. తర్వాత దగ్గరికి జరిగి రహస్యంగా చెప్పింది:

"నీళ్ళు తాగకపోతే కుర్చీ తడవదు. నువ్వు కూడా తాగవు కదా, నేను చూశాను."

పెద్దమ్మ సీసా కిందికి దించింది. ఇన్నేళ్ళుగా తను నీళ్ళు తాగడం లేదని ఇంట్లో మొగుడికి తెలియదు, పక్కన పనిచేసే ఆయాకి తెలియదు. ఈ వేలెడు పిల్ల కనిపెట్టేసింది. కనిపెట్టి నేర్చుకుంది కూడా.

పెద్దమ్మ ఆ సీసా పక్కన పెట్టింది. తన గ్లాసు తెచ్చి కుళాయి కింద పట్టి, పిల్ల చూస్తుండగా నిండా తాగింది. చాన్నాళ్ళకి కడుపునిండా తాగిన నీళ్ళవి. పిచ్చుక ఆమెనీ గ్లాసునీ మార్చి మార్చి చూసింది. సీసా అందుకుని, రెండు గుక్కలు తాగి, తన కుర్చీవైపు భయంగా చూసుకుంది.

గురువారం ఆమె ఏ వంకా చెప్పలేదు. కూతురే తెల్లబోయింది.

డాక్టరు జుట్టు సగం నెరిసిన స్త్రీ. మాట మెత్తన, చూపు సూటి. పరీక్షలన్నీ అయ్యాక బల్ల మీద ఎడమ అరచెయ్యి వెల్లకిలా చాచి, కుడి చూపుడువేలు దాని మీద ఆనించింది.

"ఈ వేలు మూత్రనాళం అనుకోండి. కిందున్న చెయ్యి దానికి ఆసరా. కాన్పులవల్లో, వయసువల్లో ఈ చెయ్యి వదులైంది." అరచెయ్యి కిందకి దించింది. "దగ్గినప్పుడు పైనుంచి ఒత్తిడి పడుతుంది. నాళాన్ని అణిచి మూసిపట్టడానికి కింద గట్టిగా ఏమీ లేదు. అందుకని జారిపోతోంది. ఇది మీ తప్పు కాదు, మీ అశ్రద్ధా కాదు. చాలామందికి ఉంటుంది, చెప్పరు."

"ఆపరేషన్ చేస్తే పోతుందా డాక్టరుగారూ?" కూతురు అడిగింది.

"ఎక్కువమందికి బాగా తగ్గుతుంది. అందరికీ పూర్తిగా పోతుందని నేను మాటివ్వను. నాలుగు దారులున్నాయి." డాక్టరు పెద్దమ్మవైపే తిరిగి చెప్పింది. "ఒకటి, ప్లాస్టిక్ దారాలతో నేసిన సన్నటి వల పట్టీ. నాళం కింద ఊయలలా వేస్తాం. చిన్న కోత, తొందరగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ అది ఒంట్లో శాశ్వతంగా ఉండిపోతుంది. కొద్దిమందికి నొప్పి పెట్టడం, ఒరుసుకుని బయటికి రావడం జరిగింది. అప్పుడు పూర్తిగా తీయడం చాలా కష్టం. కొన్నిచోట్ల దీన్ని వేయడం ఆపేశారు కూడా. రెండోది అలాంటి ఊయలే, కానీ పట్టీ మీ ఒంట్లోదే. పొత్తికడుపు దగ్గర కండరం మీద గట్టి పొర ఉంటుంది, అందులోంచి ఒక పేలిక తీసి వాడతాం. బయటి వస్తువేదీ ఉండదు. కాకపోతే కోత పెద్దది, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. మొదట్లో కొందరికి మూత్రం రావడమే కష్టమవుతుంది, కొన్నాళ్ళు ట్యూబు పెట్టుకోవాల్సి రావచ్చు."

"రాకపోవడమా?" అంది పెద్దమ్మ.

"అవును. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది." డాక్టరు నవ్వింది. "మూడోది, మూత్రాశయం మెడని కుట్లతో పైకి లాగి కట్టడం. అదీ బాగానే పనిచేస్తుంది, తర్వాతెప్పుడైనా యోని వెనకవైపు గోడ జారే అవకాశం కొంచెం ఉంది. నాలుగోది ఇంజెక్షన్. నాళం గోడ ఉబ్బేలా ఒక మందు ఎక్కిస్తాం. కోత లేదు, ఆ రోజే ఇంటికెళ్ళిపోవచ్చు. అయితే మిగతావాటంత బాగా పనిచేయదు. కొన్నాళ్ళకి మళ్ళీ చేయించుకోవాలి."

"ఇంజెక్షన్ చాలండీ," పెద్దమ్మ చటుక్కున అంది.

"ఎందుకని?"

"సెలవు పెట్టక్కర్లేదు కదా. ఎవరికీ తెలియదు."

డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఇంజెక్షన్ తప్పేమీ కాదు. మీకు అదే కావాలంటే అదే చేస్తాను. కానీ నేనడిగింది మీకేం కావాలని. మీరు చెప్పింది ఎవరికేం తెలియకూడదని. తొందరేమీ లేదు, ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. అసలు ఆపరేషనే వద్దనుకున్నా సరే, వచ్చి చెప్పండి. లోపల అమర్చుకునే రింగులాంటివీ ఉన్నాయి. ఏ ఆపరేషనైనా సరే, తర్వాత నెలన్నరదాకా బరువులెత్తకూడదు. పిల్లల్ని అసలు ఎత్తకూడదు."

ఆ సాయంత్రం విషయం విని భర్త పెదవి విరిచాడు. "ఈ వయసులో కోతలెందుకోయ్? కాస్త దగ్గకుండా, తుమ్మకుండా జాగ్రత్తగా ఉంటే సరిపోదూ?"

"లిఫ్టు తాడు వదులైందని ఎవరైనా వస్తే, ఎక్కకుండా జాగ్రత్తగా ఉంటే సరిపోతుందనే చెబుతారా మీరు?" అంది ఆమె.

కూతురు వంటింట్లోంచి పకపకా నవ్వింది. ఆయన స్క్రూ డ్రైవరు కోసం వెతుకుతున్నట్టు చాలాసేపు తల వంచుకునే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున్న పిల్లలింకా రాకముందే పెద్దమ్మ చిన్న టీచరు దగ్గరికి వెళ్ళింది. టీచరు రంగు కాగితాలు కత్తిరిస్తోంది.

"మొన్న కుర్చీ తడిపింది పిచ్చుక కాదు టీచర్‌గారూ. నేను."

కత్తెర ఆగింది. టీచరుకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. పెద్దమ్మ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. తుమ్ములు, పక్క గదిలో కేక, తను గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకోవడం, అన్నీ.

"అయ్యో పెద్దమ్మా! నాకు చెప్పాల్సింది," అంది టీచరు చివరికి. "సరే, అయిపోయింది కదా. ఇప్పుడెందుకు తవ్వుకోవడం? పిల్ల ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. మీకూ ఇబ్బందే కదా."

"మర్చిపోలేదమ్మా. నీళ్ళు తాగడం మానేసింది."

టీచరు చేతిలోని కాగితం వైపు చూసింది. "పిల్లలందరి ముందూ అబద్ధం ఆడిందన్నాను," అని గొణిగింది. "ఇప్పుడు నేను తప్పంటే ఇక నా మాట వింటారా వాళ్ళు?"

"మీరేమీ అనక్కర్లేదు. నన్ను చెప్పనివ్వండి చాలు."

పాటల వేళ పిల్లలంతా గుండ్రంగా కూర్చున్నాక పెద్దమ్మ వాళ్ళ మధ్య కింద చతికిలబడింది. అలా ఎప్పుడూ కూర్చోదు గనక అందరూ చప్పున ఊరుకున్నారు.

"మొన్న పసుపు కుర్చీ తడిపింది పిచ్చుక కాదు. నేను తడిపాను. నాకు ఒంట్లో బాగోలేదు. తుమ్మితే కొంచెం ఒంటికి వచ్చేస్తుంది. ఆ రోజే చెప్పాల్సింది, సిగ్గేసి చెప్పలేదు. పిచ్చుక నిజమే చెప్పింది."

ఎవరూ నవ్వలేదు. బొద్దు పిల్లవాడు ఆలోచించి, "నాకు నిద్రలో వస్తుంది," అన్నాడు. ఇంకో పిల్ల తమ్ముడి సంగతి చెప్పబోయింది. పిచ్చుక మాత్రం లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని టీచరు ముందుకెళ్ళింది.

"నేను చెప్పాను కదా."

టీచరు గొంతు సవరించుకుంది. "చెప్పావమ్మా. నేనే నమ్మలేదు. నాదే తప్పు."

"అయితే ఇవాళ నేను ఇంజన్."

"నువ్వే."

"పెద్దమ్మ ఆఖరి పెట్టె," అని తీర్పు చెప్పింది పిచ్చుక. "చెప్పలేదు కదా, అందుకని."

అలాగే నడిచారు. ముందు పిచ్చుక కూతలు పెడుతూ, చివర పెద్దమ్మ నడుం సగానికి వంచి బొద్దు పిల్లవాడి చొక్కా పట్టుకుని. వాడు నడుస్తూ నడుస్తూ ఆగి వెనక్కి తిరిగి, "పెట్టె చాలా బరువుగా ఉంది, రైలు లాగలేకపోతోంది!" అని అరిచాడు. పెద్దమ్మకి నవ్వొచ్చింది. బిగబట్టబోయి, ఎందుకో ఊరుకుంది. పగలబడి నవ్వింది. జారేది జారింది. రైలుని ఆటస్థలం దాకా చేర్చి, "టీచర్‌గారూ, ఒక్క నిమిషం, బట్టలు మార్చుకొస్తాను," అని చెప్పి వెళ్ళింది. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు దారిలో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఆ మధ్యాహ్నం పరుపులు పరుస్తూ ఆలోచించింది. డాక్టరు చెప్పిన నాలుగింటినీ మళ్ళీ మనసులో పేర్చుకుంది. చిత్రంగా ఇవాళ వాటి వరస మారిపోయింది. నిన్న ఇంజెక్షన్ ముందుండటానికి కారణం ఒక్కటే, ఎవరికీ తెలియకపోవడం. ఇప్పుడు తెలియనివాళ్ళెవరు? సాయంత్రానికి ఇంతమంది పిల్లలూ ఇళ్ళకెళ్ళి చెప్పేస్తారు. ఆ కారణం కాస్తా పోయాక మిగిలింది తన ఒళ్ళు, తన ఇష్టం. మళ్ళీ మళ్ళీ పొడిపించుకోవడం తన వల్ల కాదు. ప్లాస్టిక్ పట్టీతో సుఖంగా ఉన్నవాళ్ళు ఎందరో ఉండొచ్చు. కానీ తీయాల్సి వస్తే తీయలేని వస్తువు లోపల ఉందన్న ఆలోచనతో తనకి నిద్ర పట్టదు. కోత పెద్దదైతే అవనీ, రోజులు పడితే పట్టనీ. తన ఒంటిదే కావాలి.

సాయంత్రం బడి వదిలే వేళ వరండాలోకి వెళ్ళి ఆసుపత్రికి ఫోను చేసింది. అటువైపు అమ్మాయికి సరిగ్గా వినబడలేదు. "ఏ ఆపరేషనండీ? గట్టిగా చెప్పండి," అంది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లులు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పెద్దమ్మ గట్టిగానే చెప్పింది.

బడిలో సెలవు గురించి ఆమె భయపడినంత రభస జరగలేదు. అలాగని మురిపెంగానూ ఇవ్వలేదు. హెడ్మిస్ట్రెస్ మొహం ముడుచుకునే ఒప్పుకుంది. వచ్చాక కూడా కొన్నాళ్ళు పిల్లల్ని ఎత్తనని పెద్దమ్మ ముందే చెప్పేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. పొత్తికడుపు మీద కుట్లు చురుక్కుమనేవి. లేవాలన్నా, పక్కకి ఒత్తిగిలాలన్నా కూతురి చెయ్యి ఊతం కావలసి వచ్చింది. మంచం పక్కన ట్యూబుకి తగిలించిన సంచి వేలాడుతుండేది. మొదట్లో పెద్దమ్మ దాని మీద తువ్వాలు కప్పేది. ఆ వార్డులో సగం మంచాలకి అలాంటి సంచులే వేలాడటం చూశాక కప్పడం మానేసింది.

ట్యూబు తీసిన రోజు అసలు పరీక్ష మొదలైంది. డాక్టరు ముందే చెప్పినట్టు, రావడం లేదు. కూర్చుంది, లేచింది, నడిచింది. పొట్ట బిగుసుకుపోతోంది, చుక్క లేదు. నర్సు యంత్రంతో లోపల ఎంత నిలిచిపోయిందో చూసి, మళ్ళీ ట్యూబు పెట్టేసింది. "కంగారు పడకండమ్మా, వాపు తగ్గాలి. రేపు మళ్ళీ చూద్దాం," అంది. ఆ పూట పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఎందుకు ఒప్పుకున్నానా అని కూడా ఒకసారి అనిపించింది.

మర్నాడు కూతురు పనికెళ్ళింది. భర్త వచ్చి కూర్చున్నాడు. ఆసుపత్రి లిఫ్టు ఎంత చప్పుడు చేస్తోందో చెప్పుకొచ్చాడు. పక్క మంచం మీది ముసలావిడ తన కోడలి మీద ఫిర్యాదులు చెప్పుకొచ్చింది. నర్సు ట్యూబు తీసి, నీళ్ళు తాగించి, తొందరపెట్టకుండా వదిలేసింది. కొంతసేపటికి పెద్దమ్మ గోడ పట్టుకుని బాత్రూములోకి వెళ్ళింది.

లోపల కుళాయి సన్నగా తిప్పి కూర్చుంది. ముక్కితే రాదు, వదిలేస్తే వస్తుందని నర్సు చెప్పింది. వదిలేయడం ఎలాగో ఒంటికి గుర్తు లేదు. ఇన్నేళ్ళూ బిగించడమే పనిగా బతికింది. ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు జారవిడిచింది. కుళాయి నీళ్ళు కింద బకెట్టులో పడుతున్నాయి.

తలుపు బయట అడుగుల చప్పుడు ఆగింది.

"వచ్చిందా?" అన్నాడు భర్త.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తనంతట తాను ఈ విషయం ఎత్తింది లేదు. ఇప్పుడు వార్డు వార్డంతా వినేలా అడుగుతున్నాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది.

"తొందరపెట్టకయ్యా ఆవిణ్ణి!" పక్క మంచం ముసలావిడ కసిరింది. ఆ వెంటనే తనే గొంతు పెంచి, "వచ్చిందా అమ్మా?" అంది.

"ఏమంటోంది, వచ్చిందటా?" ఇంకో మూలనుంచి ఎవరో.

కింద ఏదో సడలింది. ముందు ఒక చుక్క. కాస్త ఆగి ఇంకొకటి. తర్వాత సన్నటి ధార, తెగకుండా. కుళాయి చప్పుడుకి వేరుగా, తనదని ఆనవాలు తెలిసేలా వినిపించింది. అది పూర్తయ్యేదాకా పెద్దమ్మ కదల్లేదు. చెయ్యి చాచి కుళాయి కట్టేసింది.

"వచ్చింది!" అంది, బయటికి వినపడేలా.